గ్యాలరీకా, అరుగు మీదికా?

గోదావరి జిల్లాల కళాకారులను చూడాలని బయల్దేరితే రెండు దారులున్నాయి. ఒకటి రాజమండ్రిలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ, రెండోది నరసాపురం లేసు అల్లే ఊళ్లు.

గ్యాలరీతో పేచీ లేదు. వెళ్తాం, చూస్తాం, వస్తాం. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఈ చిత్రకారుడు అన్ని బొమ్మలు ఎప్పుడు వేశాడా అనిపిస్తుంది. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివినా కుంచె మాత్రం మన మనుషుల దగ్గరే ఆగింది. కానీ అడగడానికి ఆయన లేడు.

నరసాపురం వైపు అలా కాదు. అక్కడ బోర్డు ఉండదు, టికెట్ ఉండదు. మధ్యాహ్నం వంట పని అయ్యాక అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుంటారు. ఒళ్లో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది. నేను చూసినావిడ పక్కావిడతో కబుర్లు చెబుతూనే, చూపు దించకుండా గొలుసు కుట్లు లెక్కేస్తోంది. ఎక్కడో ఒకటి తప్పిందట, నాలుగు వరసలు సర్రున విప్పేసింది. నాకే ప్రాణం ఉసూరుమంది. "పర్లేదండీ, మళ్లీ అల్లేస్తాను" అంది.

2024లో ఈ లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అయినా టేబుల్ క్లాత్ మీద అల్లినావిడ పేరు ఉండదు. గ్యాలరీలో పేరుంది, మనిషి లేడు. ఇక్కడ మనిషుంది, పేరు లేదు.

ఒక్కపూటే ఉంటే రాజమండ్రి చాలు. రోజంతా ఉంటే మాత్రం నరసాపురం బస్సెక్కండి. ఫోటో తీసే ముందు అడగండి, బేరం మాత్రం ఆడకండి.