జాగ్రత్త: ‘ద వాక్’ ఒక్కటే కొంటే నడక స్పోకేన్ దగ్గరే ఆగిపోతుంది

రిచర్డ్ పాల్ ఎవన్స్ నవల ‘ద వాక్’ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ముఖ్యంగా, ఈమధ్యే ఆప్తుల్ని పోగొట్టుకున్న ఎవరికైనా కానుకగా ఇద్దామనుకుంటున్నవాళ్లు తప్పకుండా చదవండి.

భార్యను పోగొట్టుకున్న మనిషి అమెరికాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఆ నడకలోనే కోలుకుంటాడు. ఈ పుస్తకం గురించి అందరూ చెప్పే మాట ఇదే. మాట నిజమే, కానీ అది ఐదు పుస్తకాల కథ. ‘ద వాక్’ అందులో మొదటిది మాత్రమే, 2010లో వచ్చింది. పేరులో ‘మొదటి భాగం’ అన్న మాట లేదు. అమ్మే చోట వర్ణన మొత్తం ప్రయాణం గురించి ఉంటుంది. చేతికొచ్చేది అందులో ఒక ముక్క.

ఆ ముక్క ఎంతో చెప్పాలంటే కథ కొంత బయటపెట్టక తప్పదు. అలన్ క్రిస్టఫర్సన్ సియాటిల్‌లో ప్రకటనల సంస్థ నడుపుతుంటాడు. భార్య మెకేల్ గుర్రం మీంచి పడి, కొన్నాళ్లకు చనిపోతుంది. అతను ఆస్పత్రిలో ఆమె పక్కన ఉన్న రోజుల్లో వ్యాపార భాగస్వామి సంస్థను లాగేసుకుంటాడు. ఇల్లూ పోతుంది. అప్పుడు మ్యాపు ముందు పెట్టుకుని, నడిచి వెళ్లగలిగినంతలో అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటు ఏదని వెతికితే ఫ్లోరిడా చివర కీ వెస్ట్ కనబడుతుంది. సియాటిల్ నుంచి అక్కడికి సుమారు 3,500 మైళ్లు, అంటే 5,600 కిలోమీటర్ల పైమాటే. మొదటి పుస్తకం ముగిసేది స్పోకేన్ దగ్గర. సియాటిల్ నుంచి స్పోకేన్‌కు రోడ్డు మీద దాదాపు 280 మైళ్లు. మొత్తం దారిలో పదో వంతు కూడా కాదు. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం పొలిమేరయినా దాటదు. ఆ ముగింపు కూడా ఊపిరి తీసుకోవడానికి వీలున్న చోట రాదు. దారిలో అలన్ మీద దాడి జరుగుతుంది, అక్కడితో పుస్తకం అయిపోతుంది.

మిగతా నాలుగింటి పేర్లు రాసి పెట్టుకోండి, వరస ముఖ్యం. రెండోది ‘మైల్స్ టు గో’ (2011). మూడోది ‘ద రోడ్ టు గ్రేస్’ (2012), సౌత్ డకోటా నుంచి సెయింట్ లూయిస్ దాకా. నాలుగోది ‘ఎ స్టెప్ ఆఫ్ ఫెయిత్’ (2013), అక్కడి నుంచి దక్షిణ రాష్ట్రాల మీదుగా. ఐదోది ‘వాకింగ్ ఆన్ వాటర్’ (2014), కీ వెస్ట్ చేరేది ఇందులోనే. వేటికవి చదివితే అర్థమయ్యే కథలు కావు. మూడోది చేతిలోకి తీసుకుంటే అతను ఎందుకు నడుస్తున్నాడో క్లుప్తంగా తెలుస్తుంది గాని, ఆ బాధ బరువు తెలియదు.

రచయిత మోసం చేశాడని కాదు. ఒక మనిషి ఖండం దాటే నడకను ఏళ్ల తరబడి భాగాలుగా చెప్పడంలో తప్పేమీ లేదు. అధ్యాయాలు చిన్నవి, ప్రతిదాని తలమీద అలన్ డైరీలోంచి రెండు మూడు వాక్యాలుంటాయి, చదువు సాఫీగా సాగుతుంది. ఇబ్బందల్లా ఒక భాగాన్ని పూర్తి నవలలా చూపించి అమ్మేవాళ్లతోనే. అందుకే ఒక పుస్తకం ధర చూసి చవగ్గా ఉందనుకోకుండా ఐదింటి ధరలూ, డెలివరీ ఖర్చులూ కూడి చూసుకోండి. అంత పెట్టడం ఇష్టమైతేనే మొదటిది మొదలుపెట్టండి.

పేరు పట్టి వెతికితే ఇంకో చిక్కు వస్తుంది. ‘ద వాక్’ చాలా మామూలు పేరు. అదే పేరుతో 2015లో వచ్చిన సినిమా, న్యూయార్క్ జంట భవనాల మధ్య తీగ మీద నడిచిన ఫిలిప్ పెటీ కథ. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ‘మైల్స్ టు గో’ రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యంలోని మాట కాబట్టి ఆ పేరుతో రకరకాల పుస్తకాలున్నాయి. ‘వాకింగ్ ఆన్ వాటర్’ పరిస్థితీ అంతే. పుస్తకం పేరు పక్కన రచయిత పూర్తి పేరు చేర్చి వెతకండి, తర్వాత ఐఎస్‌బీఎన్ సరిచూడండి. పుస్తకాన్ని గుర్తించడానికి వేసే, 978తో మొదలయ్యే 13 అంకెల సంఖ్య అది. గట్టి అట్టకు ఒకటి, మెత్తటి అట్టకు ఇంకొకటి, పెద్దక్షరాల ముద్రణకు వేరొకటి ఉంటుంది. సంఖ్య సవ్యంగా ఉందో లేదో కాగితం మీదే లెక్కకట్టవచ్చు. మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, మళ్లీ 3తో గుణిస్తూ పోయి 13 అంకెల ఫలితాలూ కూడితే మొత్తం చివర సున్నా రావాలి. రాకపోతే ఆ సంఖ్య తప్పు. వచ్చినంత మాత్రాన పుస్తకం అసలుదని మాత్రం అనుకోవద్దు, దొంగ ముద్రణ వేసేవాడు అసలు అట్టను సంఖ్యతో సహా దించేస్తాడు.

ఇలా బాగా అమ్ముడయ్యే ఇంగ్లిష్ నవలలకు మన దగ్గర దొంగ ముద్రణల బెడద ఎప్పటినుంచో ఉంది. రోడ్డు పక్కన దొరికే ప్రతులే, ఆన్‌లైన్‌లో ‘కొత్తది’ అన్న పేరుతో కొరియర్‌లో వస్తున్నాయి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాగితం వెలుతురుకేసి పట్టుకోండి. వెనక పేజీలో అక్షరాలు చదవగలిగేటంత కనబడితే అనుమానించాలి. దొంగ ముద్రణ అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి వేసింది కాబట్టి అక్షరాల అంచులు నునుపుగా ఉండవు, కొన్ని పేజీలు నల్లగా, కొన్ని వెలిసిపోయినట్టుంటాయి. అచ్చు కొద్దిగా ఒక పక్కకు ఒరుగుతుంది. ఈ నవలలో అన్నిటికన్నా తేలికైన పరీక్ష అధ్యాయం మొదట్లోని డైరీ వాక్యాలు. అక్షరాలు అలుక్కుపోయాయా, సన్నటి గీతలు మాయమయ్యాయా చూడండి. అట్ట మీద బొమ్మ మసక బారడం, వెన్ను మీది పేరు మధ్యలో కాకుండా అంచుకు జరిగి ఉండటం కూడా ఆనవాళ్లే.

అన్నిటికన్నా బాధించేది పేజీలు పోవడం. పుస్తకాన్ని 16 లేదా 32 పేజీల ఫారాలుగా అచ్చువేసి, మడిచి, వరసపెట్టి, వెన్నుకు జిగురు పూస్తారు. హడావిడిగా చేతితో వరసపెట్టే చోట ఒక ఫారం జారిపోతుంది, లేదా ఒకటే రెండుసార్లు పడుతుంది. అందుకే 128 తర్వాత నేరుగా 161 వస్తుంది. విడివిడిగా ఒకటీ రెండూ పేజీలు పోవడం తక్కువ, పోతే గుత్తగా పోతాయి. నాసిరకం జిగురు ఎండి పెళుసెక్కుతుంది. పుస్తకాన్ని మధ్యలో బల్లపరుపుగా తెరవగానే వెన్ను టప్పున విరిగి ఆకులు ఊడొస్తాయి.

పార్సిల్ రాగానే చేయాల్సింది ఇది. చిరునామా చీటీ కనబడేలా ఫోటో తీయండి. కవరు కోయడం దగ్గర్నుంచి అట్ట, వెన్ను, ఐఎస్‌బీఎన్, కాపీరైట్ పేజీ చూపించేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయండి. ముక్కలు ముక్కలుగా తీసిన వీడియోను ఒప్పుకోకపోవచ్చు. ఆ రోజే కూర్చుని పేజీ అంకెలు మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడండి, పావుగంట పని. ‘తీరిగ్గా చదువుదాంలే’ అని అల్మరాలో పెట్టేస్తే, లోపం బయటపడేసరికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అట్ట మీద పేరు రాసుకోవడం, పెళ్లిరోజు శుభాకాంక్షలు రాయడం లాంటివి ఈ పరీక్షలన్నీ అయ్యాకే.

‘పుస్తకాలకు వాపసు లేదు’ అని అమ్మకందారు చెబితే అక్కడితో ఊరుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, లోపమున్నది, నకిలీది, లేదా వర్ణించినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ‘పూర్తి నవల’ అని రాసి మొదటి భాగం పంపితే అది వర్ణించినట్టు లేని సరుకే, కాబట్టి ఆ వర్ణన ఉన్న పేజీని కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, తర్వాత మార్చేయొచ్చు. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంది, 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు. దొంగ ముద్రణ అని తెలిసీ అమ్మడం 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

ఐదూ కలిపి సెట్టుగా అమ్మేవాళ్ల దగ్గర ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఒకటి గట్టి అట్ట, నాలుగు మెత్తటి అట్టలు, ఒకదాని పొడవు ఒకలా, ఇంకోదానిది ఇంకోలా వస్తాయి. ‘ఐదు పుస్తకాలు’ అని లెక్క సరిపెట్టడానికి ఒకే భాగం రెండు ప్రతులు పెట్టి పంపేవాళ్లూ ఉన్నారు. ఐదింటి వెన్నులూ ఒకే ఫోటోలో, పక్కన ఆనాటి తేదీ రాసిన చీటీతో పంపమని అడగండి. నిజంగా దగ్గర ఉన్నవాడు రెండు నిమిషాల్లో పంపుతాడు.

ఫోన్ గ్రూపుల్లో తక్కువ డబ్బుకు ఐదు భాగాల పీడీఎఫ్ అంటూ వచ్చే లింకుల జోలికి పోవద్దు. దిగిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పుస్తకం కాదు, ఫోన్‌లో చొరబడే యాప్. ‘డబ్బు వాపసు ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నా నమ్మకండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తెలుగు అనువాదం ఉందని ఎవరైనా అమ్మజూపితే అనువాదకుల పేరు, ప్రచురణకర్త చిరునామా, మూల హక్కుదారు అనుమతి వాక్యం కాపీరైట్ పేజీలో ఉన్నాయో లేదో ముందు చూడండి.

పాత ప్రతి అయితే భయపడాల్సిన పని తక్కువ. అమెరికా లైబ్రరీల నుంచి తీసేసిన పుస్తకాలు గట్టి అట్టతో, పైన ప్లాస్టిక్ తొడుగుతో, లోపల ‘విత్‌డ్రాన్’ ముద్రతో మన పాత పుస్తకాల దుకాణాలకు వస్తుంటాయి. ఆ ముద్ర చూసి వెనక్కి పెట్టేయకండి. అవి అసలు పుస్తకాలు, అట్ట గట్టిగా ఉంటుంది, పదిమంది చదివినా నిలుస్తాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆబిడ్స్ ఆదివారం బజారు ఉంది. చేత్తో తిప్పి చూసి కొనే సౌకర్యం ఏ ఆన్‌లైన్ దుకాణమూ ఇవ్వదు. అమెరికాలో ఉన్న మనవాళ్లయితే కొననే అక్కర్లేదు, ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఐదూ వరసగా అడిగి తెచ్చుకోవచ్చు, లేనిదాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు.

ఇక కానుక సంగతి. ‘దుఃఖం నుంచి కోలుకునే కథ’ అనగానే దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇవ్వాలనిపించడం సహజం. కానీ మొదటి పుస్తకంలో కోలుకోవడం కన్నా పోగొట్టుకోవడమే ఎక్కువ. ప్రమాదం, ఆస్పత్రి, మరణం, అంత్యక్రియలు, అప్పులవాళ్లు అన్నీ వివరంగా ఉంటాయి. ప్రాణం తీసుకుందామా అన్న ఆలోచన దాకా అలన్ వెళ్తాడు. ఊరట అనదగింది తర్వాతి భాగాల్లో, దారిలో తారసపడే మనుషుల ద్వారా మెల్లగా వస్తుంది. పదిహేను రోజుల కిందట భర్తనో భార్యనో పోగొట్టుకున్న మనిషి చేతిలో మొదటి భాగం ఒక్కటే పెడితే, అతనికి చేరేది గాయం మాత్రమే. కథలో క్రైస్తవ విశ్వాసపు ఛాయ కూడా ఉంది, దేవుణ్ని ప్రశ్నించడం, క్షమించడం గురించి చర్చలుంటాయి. కొందరికి అదే నచ్చుతుంది, కొందరికి పొసగదు. ఇచ్చేముందు ఆ మనిషిని దృష్టిలో పెట్టుకోండి. పుస్తకం ఇచ్చి ఊరుకోవాల్సిన పరిస్థితి కాదని ఏమాత్రం అనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చేతికివ్వండి, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఒకే సంపుటంలో మొదలై ముగిసే నడక కావాలంటే రేచెల్ జాయిస్ నవల ‘ది అన్‌లైక్లీ పిల్‌గ్రిమేజ్ ఆఫ్ హెరాల్డ్ ఫ్రై’ (2012) నయం. ఇంగ్లండ్ దక్షిణాన డెవన్‌లోని కింగ్స్‌బ్రిడ్జ్ నుంచి ఉత్తరాన బెరిక్ అపాన్ ట్వీడ్ దాకా, ఆస్పత్రిలో ఉన్న పాత స్నేహితురాలి కోసం నడిచే రిటైరైన ముసలాయన కథ. దానికీ తర్వాత తోడు నవలలు రెండు వచ్చాయి, కానీ అవి చదవకపోయినా ఏదీ సగంలో వేలాడదు. పైన చెప్పిన కాగితం, ఫారాలు, జిగురు పరీక్షలు దానికీ వర్తిస్తాయి.

‘ద వాక్’ ఒక్కటే ఇప్పటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే, వాళ్లు చివరి పేజీకి చేరేలోగా ‘మైల్స్ టు గో’ పంపండి. అది స్పోకేన్ ఆస్పత్రిలోనే మొదలవుతుంది.