సింగపూరా, అబుదాబియా? మొదటిసారి ఎఫ్1 చూడ్డానికి ఎటు వెళ్తే మేలు

ఈ నెలలో ఇది నాలుగోసారి అడగడం. ఆఫీసులో ఇద్దరు, మా చిన్నాన్న కొడుకు, నిన్న లిఫ్ట్‌లో కలిసిన పక్క ఫ్లాట్ ఆయన. అందరిదీ ఒకటే మాట, జీవితంలో ఒక్కసారైనా ఎఫ్1 (ఫార్ములా వన్) కార్ల రేసు కళ్లారా చూడాలి, సింగపూర్ వెళ్లమంటావా అబుదాబి వెళ్లమంటావా అని. 2024లో మా ఆవిడతో సింగపూర్ వెళ్లాను, 2025లో నాన్నని తీసుకుని అబుదాబి వెళ్లాను, కాబట్టి నాకు తెలిసింది మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ఇక్కడే చూసే వీలుంటే ఈ గొడవే ఉండేది కాదు. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి మూడేళ్లు జరిగింది, మూడూ జర్మన్ డ్రైవర్ వెటెలే గెలిచాడు, ఆ తర్వాత మళ్లీ జరగలేదు. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అని ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టారు కదా, వెర్న్ అనే డ్రైవర్ గెలిచాడు, దానికి వెళ్లాను, నాకు ఈ పిచ్చి పట్టింది ఆ రోజే. మరుసటేడు అదీ రద్దయింది. కానీ ఆ ఎలక్ట్రిక్ కార్లది ఈల వేసినట్టుండే సౌండ్, ఎఫ్1 కారు పక్కనుంచి పోతే గుండెల్లో తగుల్తుంది, టీవీలో చూసేదానికీ దానికీ సంబంధమే లేదు. ఇయర్‌ప్లగ్స్ మాత్రం ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.

అందరూ ముందు ఫ్లైట్ గురించే అడుగుతారు. దాంతో ఏమీ తేలదు, హైదరాబాద్ నుంచి అబుదాబికి నాలుగు గంటలు, సింగపూర్‌కి ఇంకో అరగంట ఎక్కువ, అంతే. వీసా రెండింటికీ ముందే తీసుకోవాలి, అదీ పెద్ద పనేం కాదు. ఖర్చు కూడా నాకు అటూఇటూగా ఒకటే అయింది. సింగపూర్‌లో రేసు వారం రూము రేట్లు మండిపోతాయి కానీ సీటు లేకుండా తిరుగుతూ చూసే వాకబౌట్ టికెట్‌తో సరిపెట్టుకున్నాం, అబుదాబి ట్రిప్‌కి దుబాయ్‌లో ఉన్న పిన్ని కొడుకు ఇంట్లో ఉన్నాం కాబట్టి రూము ఖర్చు లేదు, ఆ మిగిలిన డబ్బు గ్రాండ్‌స్టాండ్ సీట్లకి పోయింది.

నా లెక్కలో అసలు తేల్చేది ఒకటే, రేసు అయ్యాక రాత్రి రూముకి ఎలా చేరతారు అనేది. నవ్వకండి. శుక్ర, శని, ఆది మూడు రోజులు, రోజుకి ఆరేడు గంటలు నిలబడి, నడిచి, అరిచి అలిసిపోయి ఉంటారు, అప్పుడు ఇంకో రెండు మూడు గంటలు దారిలో పోతే మర్నాడు మళ్లీ బయల్దేరాలంటే ఒళ్లు సహకరించదు. ఈ సంగతి టికెట్ కొనేటప్పుడు ఎవరికీ తట్టదు, నాకూ తట్టలేదు.

సింగపూర్‌లో ట్రాక్ ఊరి మధ్యలో ఉంటుంది. మెరీనా బే చుట్టూ మామూలు రోజుల్లో కార్లు బస్సులు తిరిగే రోడ్లే, వాటికే కంచెలు కట్టి పదిహేను వందల దాకా లైట్లు పెట్టి పట్టపగలు చేస్తారు. మేము లిటిల్ ఇండియాలో రూము తీసుకున్నాం. సిటీ హాల్ స్టేషన్‌లో ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో) ఎక్కితే ధోబీ ఘాట్, అక్కడ లైన్ మారితే తర్వాతి స్టేషనే లిటిల్ ఇండియా. రేసు రాత్రుల్లో ట్రైన్లు ఎక్కువసేపు నడుపుతారు. స్టేషన్ బయట జనం బాగానే ఉంటారు, అయినా లైన్ కదుల్తూనే ఉంటుంది, ఆదివారం రాత్రి కూడా సిటీ హాల్ నుంచి రూముకి ముప్పావు గంటలో చేరిపోయాం. ఆ టైమ్‌లో కూడా సెరంగూన్ రోడ్డు పక్కన వేడి దోశ దొరికింది, మా ఆవిడకి రేసు కంటే ఆ దోశే ఎక్కువ గుర్తుంది.

ఇంకో లాభం ఏంటంటే అక్కడ అన్నీ సాయంత్రం మొదలై రాత్రికి అవుతాయి. రేసులో ఎవరు ఏ వరసలో మొదలెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్ శనివారం రాత్రి 9కి, రేసు ఆదివారం 8కి. పొద్దున ఎంతసేపైనా పడుకోవచ్చు, మధ్యాహ్నం తిని నిమ్మళంగా బయల్దేరొచ్చు. టీమ్‌ల వాళ్లు కూడా యూరప్ టైమ్ మార్చుకోకుండా మధ్యాహ్నం లేచి తెల్లారుజామున పడుకుంటారట, మనం కూడా అదే పద్ధతి పట్టుకుంటే సుఖం.

అబుదాబి కథ వేరు. యాస్ మెరీనా సర్క్యూట్ సిటీకి దూరంగా యాస్ ఐలాండ్ మీద ఉంటుంది, మెట్రో లేదు, కారు గానీ ట్యాక్సీ గానీ బస్సు గానీ ఉండాల్సిందే. ఐలాండ్ మీద హోటల్ దొరికితే రాజాలాంటి బతుకు, రేటు మాత్రం ఆకాశంలో ఉంటుంది. మనవాళ్లలో చాలామందికి దుబాయ్‌లో చుట్టాలు ఉంటారు కాబట్టి అక్కడే దిగుదాం అనుకుంటాం, నేనూ అదే చేశాను. రోడ్డు ఖాళీగా ఉంటే గంట ప్రయాణం. ఆదివారం మాత్రం రేసు ఏడు లోపే అయిపోయినా కాన్సర్ట్ కూడా చూసి బయటికొచ్చి, బస్సులో పార్కింగ్‌కి వెళ్లి, అక్కడ కారు కదలడానికే గంట దాటింది. వేల మంది ఒకేసారి బయటికొస్తే అంతే, అందులో ఎవరి తప్పూ లేదు. నాన్నకి అరవై నాలుగు, మోకాళ్ల నొప్పి, వెనక సీట్లో కాళ్లు చాపుకోడానికి లేక ఇబ్బంది పడుతూనే "ఏం పర్లేదురా" అంటూ కూర్చున్నారు. ఇల్లు చేరేసరికి రాత్రి రెండున్నర అయింది. ఆయన్ని అలా తీసుకెళ్లినందుకు నాకు ఇప్పటికీ బాధే.

అలాగని అబుదాబిని తీసిపారేయను. కూర్చుని చూసే సుఖం అక్కడే. డిసెంబర్‌లో సాయంత్రం చల్లగాలి, పైన కప్పు, టికెట్ మీద సీటు నంబరు, మనం లేచి వెళ్లొచ్చినా మన సీటు మనకే. హెయిర్‌పిన్ (బాగా వంపు ఉన్న మలుపు) దగ్గర కూర్చున్నాం, కార్లు బ్రేక్ వేసి మెల్లగా తిరుగుతుంటే హెల్మెట్ రంగులు కూడా కనిపించాయి. సాయంత్రం 5కి వెలుతురులో మొదలై చీకట్లో అయిపోతుంది రేసు, ఆ మధ్యలో ఆకాశం రంగు మారడం చూడాలి.

సింగపూర్‌లో వాకబౌట్ తీసుకుంటే ఆ సుఖం ఉండదు. కంచె దగ్గర చోటు కోసం రెండు మూడు గంటల ముందే నిలబడాలి, చెమట ధారగా కారుతుంది, జల్లు ఎప్పుడైనా రావచ్చు. 2022లో వాన వల్ల రేసే గంటకి పైగా లేటుగా మొదలైంది, కాబట్టి రెయిన్‌కోట్ తప్పనిసరి. కార్లు కూడా మెష్ లోంచి ఒక్క క్షణం కనిపించి పోతాయి, రేసులో ఎవరు ఎక్కడున్నారో పెద్ద స్క్రీన్ చూస్తే గానీ తెలీదు.

రేసు విషయానికొస్తే అబుదాబి సీజన్‌లో చివరిది, అదృష్టం బాగుంటే ఆ ఏడాది చాంపియన్ ఎవరో అక్కడే తేలుతుంది. 2021లో డ్రైవర్లు వెర్స్టాపెన్, హామిల్టన్‌ల మధ్య చివరి ల్యాప్‌లో తేలింది. నేను చూసిన 2025లో వెర్స్టాపెన్ రేసు గెలిచినా మూడో ప్లేస్‌లో వచ్చిన నారిస్ సీజన్ మొత్తం మీద రెండంటే రెండు పాయింట్ల తేడాతో చాంపియన్ అయ్యాడు, చివరి పది ల్యాప్‌లు మా వరసలో ఎవరూ కూర్చోలేదు, నాన్నతో సహా. నేను చూసిన సింగపూర్ రేసులో అలాంటిదేం లేదు, నారిస్ మొదట్నుంచి చివరిదాకా ముందే ఉండి ఇరవై సెకన్లకి పైగా తేడాతో గెలిచాడు, అక్కడ సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగితే ముందుండి అందర్నీ మెల్లగా నడిపించే కారు) రాని మొదటి రేసు అదే.

అయినా మళ్లీ ఒకదానికే వెళ్లగలవు అంటే నేను సింగపూరే అంటాను. రేసు అయ్యాక ఆదివారం రాత్రి ట్రాక్ మీదకి జనాన్ని వదుల్తారు. అప్పటిదాకా కంచె బయట నిలబడ్డ రోడ్డు మీదే నడుచుకుంటూ వెళ్లాం. టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు ట్రాక్ అంచున కుప్పలుగా ఉన్నాయి, నల్లగా, మెత్తగా, చెప్పులకి అతుక్కుపోతూ. దాని కింద చూస్తే మామూలు తెల్ల గీతలు, సిటీ బస్సు వెళ్లే లైన్లు. మా ఆవిడ ఒక పెద్ద ముక్క తీసి బోర్డింగ్ పాస్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది, ఇప్పటికీ మా షోకేస్‌లో ఉంది, మూత తీస్తే వాసన వస్తుంది.

మిగతావి కూడా అడుగుతున్నారు. మలేషియా సెపాంగ్‌లో ఎఫ్1 2017తోనే ఆగిపోయింది, అక్కడ ఇప్పుడు మోటోజీపీ, బైకులు ఇష్టమైతే తక్కువ ఖర్చులో బాగుంటుంది. జపాన్‌లోని సుజుకా ఎఫ్1 పిచ్చోళ్లకి గుడి లాంటిది, కానీ మొదటి ట్రిప్‌కి దూరం, ఖర్చు రెండూ ఎక్కువ. మెల్‌బోర్న్‌లో పిల్లలు చదువుకుంటుంటే వాళ్లని చూడ్డానికి వెళ్లే ట్రిప్ మార్చిలో పెట్టుకోండి, అక్కడ రేసు టికెట్ ఉంటే ట్రామ్ ఫ్రీ.

పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో అయితే అబుదాబి, కానీ యాస్ ఐలాండ్ మీద గానీ పక్కన ఎయిర్‌పోర్ట్ వైపు గానీ రూము దొరికితేనే, దుబాయ్ నుంచి మూడు రోజులు తిరగడం వద్దు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ అయినా, భార్యాభర్తలు అయినా సింగపూర్. 2026లో అక్టోబర్ 9 నుంచి 11 దాకా, మొదటిసారి అక్కడ స్ప్రింట్ (శనివారం పెట్టే చిన్న రేసు) కూడా పెడుతున్నారు కాబట్టి శుక్రవారం నుంచే అసలు పోటీ మొదలవుతుంది. ఎటు వెళ్లినా ముందు ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రూము పట్టుకోండి, తర్వాత రేసు టికెట్, ఫ్లైట్ అన్నిటికంటే ఆఖరున.