లిక్వి మోలీ హైడ్రాలిక్ లిఫ్టర్ అడిటివ్: ఏ శబ్దానికి పని చేస్తుంది, దేనికి చేయదు

పాత కారు ఇంజిన్ పైభాగంలో వచ్చే టిక్ టిక్ శబ్దానికి, ఇంజిన్ ఆయిల్‌లో కలిపే ఈ 300 మి.లీ. డబ్బా మంచి మందే. కాకపోతే ఆ శబ్దానికి కారణం లిఫ్టర్‌లో చేరిన మడ్డి అయి ఉండాలి.

లిఫ్టర్ అంటే క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) కదలికని వాల్వ్‌కి అందిస్తూ, ఆయిల్ ఒత్తిడితో మధ్యలో సందు లేకుండా చూసే భాగం. అందులో ఒక ప్లంజర్ (కిందికీ పైకీ కదిలే చిన్న పిస్టన్), దాని కింద ఆయిల్ నిలిచే చిన్న గది, ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే గోళీ ఉంటాయి. గోళీ దగ్గర మడ్డి చేరితే గదిలో ఆయిల్ నిలవదు. ప్లంజర్ కుంగి వాల్వ్ వైపు సందు పడుతుంది, ఆ సందులోనే కొట్టుకుంటుంది. డబ్బాలోని ద్రవం ఆ మడ్డిని కరిగిస్తుంది. లిఫ్టర్ అరిగిపోయినా, క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీద లిఫ్టర్‌ని నొక్కే ఉబ్బు) అరిగినా దీనితో ఏమీ కాదు. షిమ్ (పలుచని లోహపు బిళ్ల) లేదా స్క్రూతో సందు సరిచేసే మామూలు ట్యాపెట్లున్న ఇంజిన్‌లో పోయడం దండగ.

పోసే ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడండి. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. గాలి కలిసిన ఆయిల్ లిఫ్టర్‌లో గట్టిగా నిలవక నొక్కుకుపోతుంది కాబట్టి శబ్దం రెండు సందర్భాల్లోనూ వస్తుంది. స్టార్ట్ చేశాక రెండు మూడు సెకన్లు టిక్కుమని ఆగిపోతే ఆయిల్ ఫిల్టర్‌లోని వెనక్కి కారకుండా ఆపే రబ్బరు వాల్వ్‌ని అనుమానించాలి; ముందు మంచి ఫిల్టర్ మార్చి చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక తగ్గేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తీసుకెళ్లే గొట్టాలు) గాస్కెట్ లీక్ కావచ్చు, చాలామంది మోసపోయేది ఇక్కడే. లోడ్ పడితే పెరిగే బరువైన కొట్టుడు రాడ్ బేరింగ్‌ది (పిస్టన్ రాడ్ క్రాంక్‌షాఫ్ట్‌కి కలిసే చోటి బేరింగ్). ఇంజిన్ వెంటనే ఆపేయండి.

ఒక డబ్బా 6 లీటర్ల ఆయిల్ వరకు సరిపోతుంది, అంటే లీటరుకు 50 మి.లీ. 4 లీటర్లు పట్టే ఇంజిన్‌కి 200 చాలు. పాత ఆయిల్ నల్లగా చిక్కబడి ఉంటే అందులో పోయకండి. తయారీదారు చెప్పిన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, పోసే మందు మేరకు ఆయిల్ తగ్గించండి. మట్టం మ్యాక్స్ గీత దాటకూడదు. ఆ తర్వాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా కొన్ని వందల కిలోమీటర్లు నడపాలి. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఫలితం లేదనడం మందుకి అన్యాయం.

అప్పటికీ తగ్గకపోతే రెండో డబ్బా కొనకండి. గేజ్ పెట్టించి వేడి ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ కొలిపించి, మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. ప్రెషర్ తక్కువుంటే పంపు, స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చే చోటి జల్లెడ), బేరింగ్‌లు చూడాలి. బాగుంటే వాల్వ్ కవర్ విప్పాల్సిందే. లిఫ్టర్లు మారిస్తే క్యామ్ లోబ్‌లు కూడా పరీక్షించండి, కొత్తవాటిని ఆయిల్‌లో నానబెట్టి బిగించండి. కొన్ని ఇంజిన్లలో బిగించిన వెంటనే స్టార్ట్ చేయకూడదు. ఆయిల్ నిండి పొంగి ఉన్న లిఫ్టర్ వాల్వ్‌ని తెరిచిపెడితే పిస్టన్ తగులుతుంది. అరగంట ఆగితే లిఫ్టర్లు కుదురుకుంటాయి.