హెచ్-4 మేలా, ఎల్-2 మేలా?

సొంత కంపెనీ ఎల్-1 (తన అమెరికా ఆఫీసుకే బదిలీ చేసే వీసా) మీద పంపుతానంటోంది, ఇంకో కంపెనీ హెచ్-1బీ (నిపుణులకిచ్చే ఉద్యోగ వీసా) వేస్తానంటోంది, కుటుంబానికి ఏది మంచిది? ఎల్-1 వారి భార్య లేదా భర్త, పిల్లలకు ఎల్-2, హెచ్-1బీ వారి భార్య లేదా భర్త, పిల్లలకు హెచ్-4 వస్తాయి. అమెరికా వెళ్లబోయే ఐటీ వాళ్లు పదే పదే అడిగేది ఇదే. దీనికి జవాబు తేల్చేది నా దృష్టిలో ఒకే విషయం: వెంట వెళ్లే భార్యో భర్తో ఎప్పటి నుంచి సంపాదించగలరు, ఆ హక్కు ఎంత తేలిగ్గా పోతుంది?

పిల్లల చదువు, బ్యాంకు ఖాతా, లైసెన్సు వంటి వాటిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ 21 నిండిన పిల్లలకు డిపెండెంట్ హోదా పోతుంది. అమ్మానాన్నలు రెండింటి కిందా రారు, వాళ్లకు బీ-2 విజిటర్ వీసాయే దారి.

ఎల్-2 స్పౌజ్‌కి పనిచేసే హక్కు హోదాతో పాటే వస్తుంది. 2021 నవంబరులో షెర్గిల్ కేసులో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన రాజీతో ఇది తేలింది. 2022 జనవరి 30 నుంచి వాళ్ల ఐ-94 (దేశంలో ఏ హోదాలో, ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) మీద ఎల్-2ఎస్ అని వేస్తున్నారు, ఈఏడీ (పని అనుమతి) కార్డు అక్కర్లేదు. అయితే ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9లో ఈ ఐ-94 లిస్ట్-సీ పత్రం మాత్రమే, అంటే పని హక్కుకు రుజువే. గుర్తింపుకు లిస్ట్-బీ పత్రం వేరే చూపాలి, దానికి మన పాస్‌పోర్టు పనికిరాదు. అందుకే దిగిన వారంలోనే స్టేట్ ఐడీకి అప్లై చేయడం మంచిది, లేకపోతే ఆఫర్ చేతిలో ఉన్నా చేరే తేదీ వెనక్కి పోతుంది. ఎయిర్‌పోర్టు దాటగానే ఐ-94 డౌన్‌లోడ్ చేసి రెండు చూడండి. ఒకటి, ఎల్-2ఎస్ అని ఉందా, పిల్లలకు వేసే ఎల్-2వై పడిందా? తప్పు పడితే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేయించుకోవాలి. రెండు, గడువు తేదీ. పాస్‌పోర్టు ముందే ముగిసేలా ఉంటే ఐ-94 కూడా అక్కడికే కత్తిరిస్తారు, పని హక్కూ ఆ రోజుతోనే ఆగుతుంది.

హెచ్-4 సంగతి వేరు. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, హెచ్-1బీ ఉన్నవారికి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా హెచ్-1బీ మామూలు పరిమితి ఆరేళ్లు దాటి పొడిగింపు వచ్చి ఉండాలి. అప్పుడే ఐ-765 దరఖాస్తు వేసి ఈఏడీ తీసుకోవచ్చు. ఐ-140కి ముందు పెర్మ్ (ఆ ఉద్యోగానికి అమెరికాలో తగినవారు దొరకలేదని కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) ఉంటుంది, దానికే ఏడాది దాటుతోంది. కంపెనీ మొదటి రోజే మొదలుపెట్టదు కూడా. కాబట్టి కొత్తగా వెళ్లే జంటలో రెండోవారు రెండేళ్లకు తక్కువ కాకుండా ఖాళీగా ఉండాలనే లెక్క వేసుకోండి. కార్డు వచ్చాక కూడా బెంగ తీరదు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి అంతకుముందున్న 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువుకు 180 రోజుల ముందే, వీలు దొరికిన మొదటి రోజునే వేయాలి. కొత్త కార్డు రాకుండా పాతది ముగిస్తే మర్నాటి నుంచి పని ఆపాల్సిందే.

ఎల్-2లోనూ ఇలాంటి గుంట ఒకటుంది, దాని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఎల్-1 పొడిగింపు ప్రీమియంలో (అదనపు ఫీజుతో త్వరగా చూసే పద్ధతిలో) 15 పనిదినాల్లో తేలుతుంది. డిపెండెంట్ల పొడిగింపు దరఖాస్తు ఐ-539కి ప్రీమియం లేదు. రెండూ కలిపి చూసే ఏర్పాటు 2025 జనవరితో ముగిసింది. ఐ-539 పెండింగులో ఉంటే దేశంలో ఉండొచ్చు గానీ, ఐ-94 గడువు దాటాక పని చేయకూడదు. ఇండియా వచ్చి వీసా స్టాంపింగ్ చేయించుకుని తిరిగి వెళ్తే కొత్త ఐ-94 వస్తుంది, స్లాటు దొరికితే.

ఇక ఎల్-1 అసలు బలహీనత: వేరే కంపెనీకి మారలేరు. ఎల్-1బీకి (ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగులకు) ఐదేళ్లు, ఎల్-1ఏకి (మేనేజర్లకు) ఏడేళ్లు, ఆపైన పొడిగింపు లేదు. హెచ్-1బీలో ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, తర్వాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మామూలుగా హెచ్-4 ఈఏడీ అర్హత పోదు. ఉద్యోగం మారినా అంతే.

 

ఇద్దరూ పనిచేయాలనుకుంటే నేను ఎల్-2 వైపే మొగ్గుతాను, ఎల్-1ఏ అయితే మరీ. చిన్నపిల్లలుండి రెండేళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటామనుకునే వారికి హెచ్-4తో పెద్ద నష్టం లేదు. ఎల్-1బీలో ఏడాదో రెండేళ్లో మిగిలిన వారైతే హెచ్-1బీ ఆఫర్ వదులుకోకూడదు.

ఎల్-2తో వెళ్తే మార్చిలో హెచ్-1బీ లాటరీకి ఇద్దరి పేర్లూ వేయించండి, ఎవరి కంపెనీతో వారు. 2025 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు అమెరికా లోపలే హోదా మార్చుకునే వారికి వర్తించదు. ఎల్-1 మీద గడిపిన కాలం హెచ్-1బీ ఆరేళ్లలోంచి తీసేస్తారు, ఎల్-2 మీద గడిపింది తీసేయరు. అందుకే లాటరీ ఎల్-2లో ఉన్నవారికి తగిలితేనే ఇంటికి ఎక్కువ లాభం: పూర్తి ఆరేళ్లు చేతిలో ఉంటాయి, రెండోవారి ఎల్-1 గడువు ముగిసే వేళకు వారు హెచ్-4కి మారొచ్చు. ఈలోగా ఐ-140 అయ్యేలా పెర్మ్ సంగతి ఆఫర్ లెటర్ దశలోనే మాట్లాడుకోవాలి.