షిబుసావా, ఇవాసాకి: ఎవరి దారి మంచిది?

మెయిజీ చక్రవర్తి కాలపు (1868–1912) జపాన్‌లో వ్యాపారానికి రెండు దారులు కనిపిస్తాయి. ఇవాసాకి యతారోది ఒంటిచేతి పెత్తనం: తన కంపెనీ మిత్సుబిషిలో లాభమైనా నష్టమైనా ఆయనదే, చివరి మాటా ఆయనదే. షిబుసావా ఎయిచి మాత్రం నీలిమందు తయారుచేసే రైతు ఇంట పుట్టి, 1867లో పారిస్ వెళ్లి, నలుగురి డబ్బు కలిపి కంపెనీలు నడపడం కళ్లారా చూసి, 1873లో ప్రభుత్వ కొలువు వదిలేసి బ్యాంకు పెట్టాడు. ఆ తర్వాత దాదాపు 500 సంస్థలకు చేయూతనిచ్చాడు, అయినా వాటిని సొంత సామ్రాజ్యంగా మార్చుకోలేదు. ఓడల వ్యాపారంలో ఇద్దరూ ఢీకొన్నారు: ఒకవైపు మిత్సుబిషి, మరోవైపు షిబుసావా అండ ఉన్న పోటీ కంపెనీ. రేట్లు పోటాపోటీగా తగ్గించి రెండు పక్షాలూ నష్టపోయాయి, 1885లో ఇవాసాకి చనిపోయాక అదే ఏడాది ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. త్వరగా నిర్ణయాలు కావాలంటే ఇవాసాకి పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. నాకు మాత్రం షిబుసావానే ఇష్టం. 2024లో వచ్చిన కొత్త పదివేల యెన్ నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే.