పదిహేనేళ్ళ ఇన్నోవా: టయోటా పేరులో పస ఎంత?

ముందుగా తీర్పు చెప్పేస్తాను. మా 2.5 లీటర్ల డీజిల్ ఇన్నోవా సరదాగా నడుపుకొనే బండి కాదు. చూడముచ్చటైన బండి అని కూడా అనలేను. 2009లో కొన్నప్పుడు ధర ఎక్కువనిపించింది, ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అయినా మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటాక కూడా, ఇంట్లో ఎవరైనా దీన్ని అమ్మేద్దామంటే అడ్డుపడేది నేనే. ఎందుకో చెప్పాలంటే బండి గురించి చెబితే చాలదు, చేసిన కంపెనీ సంగతి కూడా చెప్పాలి. టయోటా మీద మనవాళ్ళకు ఉన్న గురిలో సగం అనుభవం, సగం వినికిడి.

మా వైపు ఆ పేరు తెచ్చింది క్వాలిస్. టయోటా కిర్లోస్కర్ సంస్థ 1997లో ఏర్పడింది. బెంగళూరు దగ్గర బిడదిలో కర్మాగారం కట్టి, 2000 మొదట్లో ఈ బండిని బయటికి తెచ్చింది. ఇండోనేషియాలో 1977 నుంచి కిజాంగ్ పేరుతో తరాలు మారుతూ వచ్చిన బండే మన దగ్గర క్వాలిస్ అయింది. పాత తరహా డీజిల్ ఇంజను, వెనక లీఫ్ స్ప్రింగులు, పెట్టెలాంటి ఆకారం. ఇంత పాత బండా అని పెదవి విరిచినవాళ్ళు చాలామంది. ట్రావెల్స్ వాళ్ళు మాత్రం కళ్ళకద్దుకున్నారు. పెళ్ళి బృందాలు, తిరుపతి మొక్కులు, హైదరాబాదు ఆసుపత్రి ప్రయాణాలు అన్నిటికీ అదే. బండి ఎలా ఉందని డ్రైవరును అడిగితే ఒకటే జవాబు: "దారిలో నిలబెట్టదండీ." అమ్మకాలు బాగా సాగుతుండగానే దాన్ని ఆపేసి 2005లో ఇన్నోవాను దించారు. నడుస్తున్న సరుకును చేజేతులా తీసేస్తారా అని అప్పట్లో అందరూ విస్తుపోయారు. ఇన్నోవా ఎక్కి కూర్చున్నాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక మా బండి. 2494 సీసీ ఇంజను, 102 పీఎస్ శక్తి, 200 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే లాగే బలం), ఐదు గేర్లు, వెనక చక్రాలకు డ్రైవ్. కాగితం మీద ఇవి గొప్ప అంకెలు కావు. అసలు సంగతి ఏమిటంటే ఆ టార్క్ మొత్తం ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగానే, 1400 ఆర్‌పీఎం దగ్గరే చేతికి వస్తుంది. మాది మార్కాపురం వైపు. శ్రీశైలం వెళ్ళాలంటే దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కాలి. ఏడుగురు మనుషులు, వెనక సామాను, ఏసీ నడుస్తూ ఉంటుంది, ముందు ఒక ఆర్టీసీ బస్సు. మలుపు దగ్గర బస్సు దాదాపు ఆగిపోతుంది. మనం సెకండ్ గేరులోనే ఉండి యాక్సిలరేటరును కాస్త తాకితే చాలు, ఇంజను గొంతు పెంచకుండా గుడుగుడుమంటూ బరువంతా లాక్కెళుతుంది. గేరు దించే పని, వెనక్కి జారుతుందేమోనన్న కంగారు లేవు. అదే బండి హైవే మీద లారీని దాటాల్సి వచ్చినప్పుడు మాత్రం కాసేపు ఆలోచించుకొని కదులుతుంది. ఎదురుగా వచ్చే వాహనం ఎంత దూరంలో ఉందో రెండుసార్లు చూసుకొని గాని నేను బయటికి తీయను.

ఏసీకి వంక పెట్టడానికి లేదు. రెంటచింతల ఎండల్లో కూడా మూడో వరుసలో కూర్చున్నవాళ్ళకు చెమట పట్టదు, పైకప్పు నుంచి గాలి సమంగా వస్తుంది. మైలేజీ హైవే మీద పన్నెండు, పదమూడు. ఊళ్ళో పదికి అటూ ఇటూ. ఈ బరువుకు అంతకన్నా ఆశించడం అత్యాశే.

ఇక కంపెనీ సంగతి. టయోటా పుట్టింది కార్లతో కాదు, మగ్గాలతో. సకిచి టయోడా 1867లో పుట్టిన వడ్రంగి కొడుకు. ఆయన జీవితమంతా మగ్గాన్ని మెరుగుపరచడంతోనే గడిచింది. మగ్గం మీద ఒక పడుగు దారం తెగితే, నేసేవాడు గమనించేలోపు గుడ్డలో లోపం పడిపోతుంది. 1924లో ఆయన పూర్తిచేసిన జి రకం మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. పేక నూలు అయిపోతే మాత్రం ఆగకుండానే కొత్త నాడె ఎక్కించుకునేది. చీరాల, మంగళగిరి వైపు మగ్గం ముందు కూర్చున్నవాళ్ళకు ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. ఒక మనిషి ఒక మగ్గానికి కాపలా కాసే రోజులు పోయి, ఒక్కరే పదుల మగ్గాలు చూసుకొనే రోజులు వచ్చాయి. ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ 1929లో లక్ష పౌండ్లు ఇచ్చి ఆ మగ్గం హక్కులు కొనుక్కుంది. బట్టల యంత్రాలకు పుట్టినిల్లయిన దేశం జపాను నుంచి మగ్గం హక్కులు కొనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆయన కొడుకు కిచిరో 1933లో ఆ మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచాడు. 1936లో ఏఏ అనే మొదటి కారు వచ్చింది, 1937లో టయోటా మోటార్ విడి కంపెనీ అయింది. కర్మాగారం ఉన్న కొరొమో పట్టణం 1959లో టయోటా నగరంగా పేరు మార్చుకుంది. మన దేశానికి కూడా వీళ్ళు మగ్గాల వరసలోనే వచ్చారు. కార్లకన్నా ముందు, 1995లో, కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి నూలు యంత్రాల కంపెనీ పెట్టారు.

ఈ చరిత్రను విజయగాథగా చెప్పేవాళ్ళు మధ్యలో కొన్ని పేజీలు తిప్పేస్తారు. 1950లో కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. కార్మికులను తగ్గించాల్సి రావడం, సమ్మె, చివరికి కిచిరో రాజీనామా. కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం నుంచి ట్రక్కుల ఆర్డర్లు రావడంతో ఊపిరి పీల్చుకున్నారు. కిచిరో మాత్రం 1952లోనే కన్నుమూశాడు. అమెరికా మార్కెట్లో మొదటి అడుగు కూడా తడబాటే. క్రౌన్ కారును అక్కడికి తీసుకెళితే, జపాను గతుకుల దారులకు సరిపోయిన ఆ బండి అమెరికా హైవేల వేగానికి వేడెక్కి, వణికింది. ఆ అమ్మకాలు ఆపుకొని, తిరిగొచ్చి, పని నేర్చుకొని, 1965లో కొరోనాతో మళ్ళీ వెళ్ళారు. 1966లో వచ్చిన కొరొల్లా ఇప్పటికి ఐదు కోట్లకు పైగా అమ్ముడైంది.

మగ్గం నుంచి కారుకు వచ్చిన అసలు వారసత్వం మాత్రం ఆగడమే. తైచి ఓనో అనే ఇంజనీరు కర్మాగారంలో ప్రతి కార్మికుడికీ ఆ హక్కు ఇచ్చాడు. లోపం కనబడితే పక్కన వేలాడే తాడు లాగవచ్చు. పైన దీపం వెలుగుతుంది, పెద్దవాళ్ళు పరుగెత్తుకొస్తారు, అవసరమైతే లైను మొత్తం ఆగుతుంది. ఆపినందుకు తిట్టరు. లోపం ఎక్కడ పుట్టిందో అక్కడే సరిచేసి ముందుకు పంపుతారు. జనరల్ మోటార్స్‌తో కలిసి 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఆ కంపెనీ పాత కర్మాగారంలోనే, ఇదే పద్ధతిలో కార్ల తయారీ మొదలుపెట్టారు. లైను ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదన్న కట్టడిలో అంతకుముందు పనిచేసిన కార్మికులే, అదే చోట, కొద్ది కాలంలోనే మెరుగైన కార్లు చేశారు. మనుషులు మారలేదు, ఆపే అధికారం వచ్చింది. ఆ కర్మాగారం ఇప్పుడు టెస్లా చేతిలో ఉంది.

మా బండిలో ఈ బుద్ధి కనిపించేది మీటరులోని టైమింగ్ బెల్టు దీపంలో. ఇంజను వాల్వులను సరైన వేళకు కదిలించేది ఆ బెల్టే. బెల్టు మార్చాల్సిన దూరం రాగానే అది వెలుగుతుంది. ఈ ఇంజనులో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ తర్వాత వచ్చే బిల్లుతో చిన్న పెళ్ళి చేయవచ్చు. మొదటిసారి దీపం వెలిగినప్పుడు ఒక సర్వీసు కేంద్రంలో ఇచ్చాను. బిల్లులో కొత్త బెల్టు ఉంది, దీపం ఆరిపోయింది, బండి యథాప్రకారం నడుస్తోంది. కొన్నాళ్ళకు వేరే పని మీద మా ఊరి మెకానిక్ ఇంజను ముందు కవరు విప్పి నన్ను పిలిచాడు. బెల్టు మీది అచ్చు అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. కాస్త మెలిపెట్టి చూపిస్తే, పళ్ళ మొదళ్ళలో వెంట్రుక మందంతో వరసగా పగుళ్ళు. మార్చింది బెల్టును కాదు, దీపాన్ని ఆర్పారు. ఆ రోజు నుంచి తీసేసిన పాత భాగాలు నా చేతికి ఇవ్వనిదే డబ్బు కట్టను. టయోటాకు చావు లేదనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: బండికి ఆయుష్షు ఉంది, కాని అది ఆయిలు మార్చే తేదీల మీద, బెల్టు మార్చినవాడి నిజాయతీ మీద ఆధారపడి ఉంటుంది.

నాకు ఇన్నేళ్ళలో ఖర్చు పెట్టించినవి వాడుకలో అరిగేవే. టైర్లు, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, కింది బుష్‌లు, రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటాక ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. ఇంజెక్టర్ల ఖర్చు చేయి కాల్చేదే. అయితే ఏదీ చెప్పకుండా ముంచలేదు. పొగ రంగు మారుతుంది, చలికాలం ఉదయం స్టార్టు కావడానికి కాస్త మొరాయిస్తుంది, మనకు అర్థమవుతుంది.

వంకలు లేవా అంటే ఉన్నాయి. మూడో వరుస పెద్దవాళ్ళకు గంట ప్రయాణానికి సరే, ఆ తర్వాత మోకాళ్ళు నిరసన తెలుపుతాయి. వేగంగా మలుపు తిప్పితే బండి పక్కకు వాలుతుంది. లారీలా ఫ్రేము మీద కట్టిన బండి కాబట్టి ఖాళీగా వెళ్ళేటప్పుడు వెనక ఎగిరి పడుతుంది, నిండా మనుషులుంటే బుద్ధిగా ఉంటుంది. డీజిల్ మోత లోపలికి బాగానే వినిపిస్తుంది. నన్ను అన్నిటికన్నా నొప్పించేది భద్రత విషయం. మేము కొన్న రోజుల్లో కింది రకాల్లో ఎయిర్‌బ్యాగులు ఉండేవి కావు, పై రకానికి వెళితేనే దక్కేవి. ఇంత ధర పెట్టి కుటుంబం కోసం కొనే బండిలో అది అదనపు సౌకర్యం ఎలా అవుతుంది? పేరున్న కంపెనీ కాబట్టి అడిగేవాడు లేడు, అంతే.

ఆ పేరు మీద మచ్చలు పడిన సందర్భాలు కూడా చిన్నవి కావు. 2008లో జనరల్ మోటార్స్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన మరుసటి ఏడాదే అమెరికాలో యాక్సిలరేటర్ల గొడవ మొదలైంది. కాలి కింది మ్యాట్లు పెడలుకు అడ్డుపడటం, పెడళ్ళు బిగుసుకుపోవడం వల్ల లక్షల కార్లు వెనక్కి పిలిచారు. కిచిరో మనవడు అకియో టయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు కూర్చొని, ఎదుగుదల వేగం మరీ ఎక్కువైందని ఒప్పుకొని క్షమాపణ చెప్పాడు. ఎలక్ట్రానిక్ లోపం కోసం నాసా వాళ్ళు కూడా వెతికారు, అలాంటిదేమీ దొరకలేదు. కాని వినియోగదారులకు నిజం దాచినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టక తప్పలేదు.

అది పాత కథ అనుకుంటే, 2023 డిసెంబరులో అనుబంధ సంస్థ దైహత్సు భద్రతా పరీక్షల్లో అక్రమాలు చేసిందని తేలింది. 2024 జనవరిలో డీజిల్ ఇంజన్ల ధ్రువీకరణ పరీక్షల వంతు వచ్చింది. శక్తిని కొలిచేటప్పుడు, అమ్మే బండిలో ఉండే సాఫ్ట్‌వేర్ కాక వేరేది వాడారట. ఆ ఇంజన్లు చేసే టయోటా ఇండస్ట్రీస్ ఎవరో కాదు, సకిచి పెట్టిన ఆ మగ్గాల కంపెనీయే. మన దగ్గర ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బండ్ల పంపిణీ కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలైంది. బండ్లు ప్రమాణాలకు లోబడే ఉన్నాయి, వాడకం ఆపనక్కర్లేదని కంపెనీ చెప్పింది. మా పాత ఇంజను ఆ జాబితాలోది కాదు, అయినా మనసు చివుక్కుమంది. లైనులో బోల్టు బిగించేవాడికి తాడు అందించిన కంపెనీ, గడువు ఒత్తిడిలో ఉన్న పరీక్షల గది ఇంజనీరుకు దాన్ని అందించలేకపోయింది.

మా అన్న కొడుకు టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాడు. టయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం 2017 నుంచి ఆ ఊళ్ళోనే ఉంది. అక్కడి మనవాళ్ళు మొదటి ఉద్యోగంలో పాత క్యామ్రీ కొంటారట, పిల్లలు పుట్టాక పెద్ద బండి సియెన్నాకు మారతారట. ఎందుకని అడిగితే, "అమ్మేటప్పుడు నష్టం రాదు బాబాయ్" అన్నాడు. మార్కాపురం ట్రావెల్స్ యజమాని చెప్పేదీ అదే లెక్క.

ఆ లెక్కే కొత్తగా కొనేవాళ్ళకు ఇబ్బంది. ఇన్నోవా పాతది కూడా తగ్గదు. కొత్త ఇన్నోవా హైక్రాస్ నడిపి చూశాను: పెట్రోలు హైబ్రిడ్, ముందు చక్రాల డ్రైవ్, ఫ్రేము లేదు, లోపల నిశ్శబ్దం, ఊళ్ళో మైలేజీ మా బండి కన్నా ఎంతో మెరుగు. కుటుంబానికి అదే మంచి బండి, సందేహం లేదు. నిండా బరువుతో ఘాటు ఎక్కడానికి, గుంతల దారుల్లో రోజూ తిరగడానికి నేనైతే క్రిస్టా డీజిలే తీసుకుంటాను. పాత 2.5 కొనేవాళ్ళు మీటరు అంకెను నమ్మవద్దు, తిప్పడం చాలా తేలిక. సర్వీసు పుస్తకం, బెల్టు మార్చిన బిల్లు చూడండి, వీలైతే కవరు విప్పించి బెల్టునే చూడండి. ఆర్‌సీలో ముందు ట్యాక్సీగా నడిచిందేమో చూడండి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో అటునుంచి చవకగా వచ్చినవి చాలా ఉన్నాయి. ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకుంటే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. పదిహేనేళ్ళు నిండిన బండికి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఆర్‌సీని ఐదేళ్ళకు పొడిగించుకోవాలి. మాది పొడిగించేశాం.