చివరి అంతస్తు ఆఫీసులో బీఎల్‌డీసీ ఫ్యాన్లు: వేసవి గడిచాక నా అభిప్రాయం

విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న ఆడిట్ ఆఫీసు. అద్దె భవనంలో చివరి అంతస్తు, నెత్తిన స్లాబు తప్ప మరేమీ లేదు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండను పగలంతా తాగిన స్లాబు చీకటి పడేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మాకు రిటర్నుల పని ఊపందుకునేదీ ఆ రోజుల్లోనే. సిబ్బంది సౌకర్యం, కరెంటు బిల్లు రెండూ చూసుకునేది నేనే కాబట్టి, వేసవి ముందర పాత సీలింగ్ ఫ్యాన్లు ఎనిమిదీ తీయించి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగేవి, పెట్టించాను. మనుషులు రోజంతా కూర్చుని పనిచేసే ఏ ఆఫీసుకైనా ఇవి కొనమనే చెబుతాను. కొనేముందు తెలుసుకోవలసినవి మాత్రం కొన్ని ఉన్నాయి.

ముందు లెక్క చెబుతాను. మామూలు ఫ్యాను పూర్తి వేగంలో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది, ఇవి 30 వాట్లకు అటూ ఇటూగా సరిపెట్టుకుంటాయి. రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 25 పనిదినాలు అనుకుంటే ఒక్కో ఫ్యాను మీద పది యూనిట్లు, ఎనిమిదింటి మీద 80 యూనిట్లు మిగులుతాయి. ఇళ్ల కన్నా ఎక్కువ రేటు కట్టే వాణిజ్య కనెక్షనుకు ఇది చిన్న విషయం కాదు. ధర ఒక్కోటి రెండున్నర వేల నుంచి మూడున్నర వేల వరకు ఉంది. మామూలు ఫ్యాను కన్నా అదనంగా పెట్టిన డబ్బు ఏడాది, ఏడాదిన్నరలో తిరిగి వచ్చేస్తుంది. వీటి మోటారులో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. తిప్పే పనంతా లోపలి ఎలక్ట్రానిక్ కార్డు చూసుకుంటుంది, అందుకే వేడి రూపంలో వృథా అయ్యే కరెంటు బాగా తగ్గుతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయినా వేగం తగ్గదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు కూడా ఇదివరకటి కన్నా ఎక్కువసేపు నిలబడుతోంది.

కానీ అసలు లాభం ఏసీ దగ్గర కనిపించింది. ఇంతకుముందు మా హాల్లో ఏసీ 22 మీద నడిచేది. దాని కింద కూర్చునే అమ్మాయి చున్నీ చెవులకు చుట్టుకుని టైపు చేసేది. అదే సమయంలో దూరపు మూలన, పడమటి గోడ పక్కన కూర్చునే మా పెద్ద అకౌంటెంటు గారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉండేవారు. ఒకే గదిలో ఒకరికి చలి, ఒకరికి ఉక్కపోత. ఫ్యాన్లు గాలిని సమంగా తిప్పడం మొదలుపెట్టాక ఏసీని 26కి పెంచాను, ఎవరూ రిమోటు అడగలేదు. ఒంటికి గాలి తగులుతుంటే రెండు మూడు డిగ్రీల వేడి పెద్దగా తెలియదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టిందీ అందుకే.

మా ఆఫీసులో బల్లల నిండా వోచర్లే. పాత ఫ్యాన్లకు రెండో నంబరు దాటితే కాగితాలు ఎగిరేవి, ఒకటిలో పెడితే గాలి తగిలేదే కాదు. వీటిలో తక్కువ వేగం కూడా పనికొచ్చే వేగమే. చప్పుడు లేదు, ఫోనులో క్లయింటు మాట స్పష్టంగా వినిపిస్తుంది.

ఇక ఇబ్బందులు. మొదటిది రిమోటు. ఒకే రకం ఫ్యాన్లు పక్కపక్కన ఉంటే ఒక మీట నొక్కగానే ఆ చుట్టుపక్కలవన్నీ స్పందిస్తాయి. ఒకరు వేగం తగ్గించుకుంటే పక్క బల్ల మీద ఫ్యానూ తగ్గుతుంది. ఇళ్లలో గదికొక ఫ్యాను కాబట్టి ఈ బాధ తెలియదు, ఆఫీసులో మొదటి వారమంతా ఇదే గొడవ. గోడకు బిగించే నాబుతో పనిచేసే రకాలు కూడా దొరుకుతాయి. ఆఫీసుకైతే అవే తీసుకోండి, అందరికీ అందుబాటులో ఉంటాయి, రిమోటు ఎక్కడ పెట్టారని వెతికే పనీ ఉండదు.

రెండోది బిగింపు. మాకు బిగించిన మనిషి రెండు చోట్ల పాత రెగ్యులేటర్లు తీయకుండానే వైర్లు కలిపి వెళ్లిపోయాడు. ఆ రెండు ఫ్యాన్లూ గుంయ్‌మంటూ ఆగి ఆగి తిరిగాయి. అలా వదిలేస్తే కార్డు పాడవుతుంది. పాత రెగ్యులేటరు తీసేసి స్విచ్చుకు నేరుగా కలపాలి, మీరు దగ్గరుండి చూసుకోండి. కార్డు పోతే వీధి చివరి మెకానిక్ బాగుచేయలేడు. కాబట్టి వారంటీ ఎన్నేళ్లు, మీ ఊళ్లో సర్వీసు ఉందా అన్నవి రంగు, రెక్కల డిజైను కన్నా ముందు అడగండి.

ఇంత మెచ్చుకున్నాక ఫ్యాను చేయలేని పని కూడా చెప్పాలి. ఫ్యాను గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా అంతే, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. బయటి గాలి లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు, తేదు. మధ్యాహ్నం మూడింటికి మా వాళ్లందరికీ తల బరువెక్కడం, ఆవలింతలు రావడం చూసి కార్బన్ డయాక్సైడు మీటరు ఒకటి తెప్పించాను. పది లక్షల భాగాల గాలిలో ఆ వాయువు ఎన్ని భాగాలుందో అది చూపిస్తుంది. బయటి గాలిలో ఆ అంకె 420 దాటి ఉంటుంది, గదిలో వెయ్యి దాటితే గాలి మార్పిడి చాలడం లేదని అర్థం. తలుపులన్నీ మూసిన మా హాల్లో భోజనాల తర్వాత 1,800 చూపించింది. వంటింటి వైపు గోడకు ఎగ్జాస్టు ఫ్యాను బిగించి, ఎదురు కిటికీ నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంచాక వెయ్యి లోపే ఉంటోంది. వడగాలి కొంత లోపలికి వస్తుంది, ఏసీకి కొంత పని పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టవలసిందే. మనుషుల ఊపిరిలో ఆదా చేయకూడదు. మీటరు కొంటే ఎన్‌డీఐఆర్ సెన్సరు, అంటే పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడునే నేరుగా కొలిచేది, ఉన్నదే కొనండి, మిగతా చవక రకాలు వేరే వాయువులను బట్టి అంచనా వేసి అంకె చూపిస్తాయి.

హైదరాబాద్‌లో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) వారి సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కట్టినప్పుడు ఈ చిక్కును మొదట్లోనే ఆలోచించారు. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన ఆ భవనంలో బయటి గాలి విండ్ టవర్లలో, అంటే గాలిని పట్టి లోపలికి దింపే ఎత్తైన గోపురాల్లో, కాస్త చల్లబడి ఆ తర్వాతే ఏసీకి చేరుతుంది. అద్దెకున్న మాలాంటి వాళ్లకు టవర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మాకు ఎగ్జాస్టు ఫ్యానూ, తెరిచిన కిటికీనే.

స్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత కూడా వేయించాం, ఇంటి యజమాని సగం ఖర్చు భరించారు. లోపలి సీలింగు ముట్టుకుంటే మునుపటిలా చురుక్కుమనడం లేదు. దుమ్ము పడితే పూత పనితనం తగ్గుతుంది, ఏడాదికోసారి కడిగించాలి. చివరి అంతస్తు కాని వాళ్లకు ఇది అనవసరం.

డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే ముందు ఎక్కువ గంటలు మనుషులు కూర్చునే చోట ఫ్యాన్లు మార్చండి, తర్వాత ఎగ్జాస్టు పెట్టించండి. సమావేశం గదిలో, స్టోరు గదిలో పాతవి ఉంచేసినా నష్టం లేదు. రోజుకు గంట తిరిగే ఫ్యానుకు పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.